లారీ ట్యాంకు ఊపిరి

యాసంగి వరి కోతల దినములలో కొడకండ్ల మీదుగా ప్రయాణము చేసినవారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. కల్లములలో వడ్ల రాసులు, వాని మీద పరదాలు, కొనుగోలు కేంద్రము ఎదుట బస్తాల వరుసలు, ఆ బస్తాల ప్రక్కన రైతులు. ఆ రైతులందరి చూపులును ఒక్క వైపునకే యుండును. లారీ ఎప్పుడు వచ్చునా అని వారి ఎదురుచూపు. లారీ వచ్చి బస్తాలు ఎత్తుకొని మిల్లునకు చేర్చినగాని ఆ పంట రైతు చేతినుండి దాటినట్లు కాదు. ఆ లోపల వాన వచ్చినచో ఆరు నెలల కష్టము తడిసిపోవును.

కొడకండ్ల 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ జిల్లాలోని మండల కేంద్రము. అంతకు పూర్వము వరంగల్లు జిల్లాలో ఉండెడిది. ఈ ప్రాంతపు లారీలకు దుమ్ము జన్మమిత్రము. కోత యంత్రము రేపెడి పొట్టు, మొరము బాటల ఎఱ్ఱమన్ను, పత్తి కాలమున దూది పీచు, ఇవన్నియు వాని చుట్టును తిరుగుచుండును. తూర్పున మహబూబాబాద్ వైపు పోయినచో గ్రానైటు క్వారీల రాతిపొడి. ఈశాన్యమున భూపాలపల్లి సింగరేణి గనుల దారి పట్టినచో బొగ్గుపొడి. లారీకి దుమ్ము తప్పదు. అయితే ఆ దుమ్ము ఎక్కడికి పోవచ్చును, ఎక్కడికి పోరాదు అనునది తెలిసికొనవలసిన సంగతి. నేడు మేము చెప్పబోవునది డీజిలు ట్యాంకు నెత్తిన ఉండెడి ఒక సన్నని గొట్టమును గూర్చియు, ఆ గొట్టమునకు అమర్చదగిన ఒక చిన్న ఫిల్టరును గూర్చియు. విషయము చిన్నదే. కాని దానిని సరిగా చేయుటకును, తప్పుగా చేయుటకును నడుమ ఒక రైతు పంట ఉండుటను మేము కన్నులార చూచితిమి.

మొదట ఆ గొట్టము ఏల ఉన్నదో తెలిసికొందము. ఇంటిలో నూనె డబ్బాకు ఒక్క రంధ్రమే పొడిచి వంచినచో ఏమగును? నూనె గుడగుడమని ఆగి ఆగి పడును. రెండవ వైపున మఱియొక రంధ్రము పొడిచినంతనే ధార సాఫీగా వచ్చును. బయటికి పోయిన నూనె చోటును నింపుటకు లోనికి గాలి రావలెను గదా! డీజిలు ట్యాంకునకును ఇదియే న్యాయము. ఇంజను డీజిలును పీల్చుకొనుచున్నంత సేపును, ఖర్చయిన ప్రతి లీటరు డీజిలునకు బదులుగా ఒక లీటరు గాలి ట్యాంకులోనికి పోవలెను. ఆ గాలి పోవు దారియే వెంటు గొట్టము. మెకానిక్కులు దీనిని బ్రీదరు అందురు. కొన్ని లారీలలో ఇది ట్యాంకు మూతలోనే ఇమిడియుండును. కొన్నిటిలో ట్యాంకు పైభాగమున ఒక చిన్న ముక్కు ఉండి, దానినుండి రబ్బరు గొట్టము చాసిస్ ప్రక్కకు పోవును.

ఆ దారి మూసికొనిపోయినచో జరుగునది ఏమి? లెక్క వేసి చూతము. రెండు వందల లీటర్ల ట్యాంకును ఉదయమున నూట ఎనుబది లీటర్ల వరకు నింపితిమనుకొనుడు. పైన మిగిలిన గాలి ఇరువది లీటర్లు. బరువుతో నడచు లారీ లీటరునకు మూడు కిలోమీటర్లు వచ్చినచో, పదునైదు కిలోమీటర్లు నడచునప్పటికి అయిదు లీటర్లు ఖర్చగును. క్రొత్త గాలి రానప్పుడు ఆ ఇరువది లీటర్ల గాలియే ఇరువదియైదు లీటర్ల చోటును నింపవలసి వచ్చును. అనగా లోపలి పీడనము అయిదవ వంతు తగ్గిపోవును. మన మీద నుండు వాతావరణ పీడనము చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలోగ్రాము. ట్యాంకు పైరేకు మీటరు పొడవు, అరవై సెంటీమీటర్ల వెడల్పు అనుకొన్నచో, ఆ రేకును బయటి గాలి దాదాపు పండ్రెండు వందల కిలోల బలముతో లోనికి నొక్కుచుండును. నిజముగా అంతవరకు రాకమునుపే రేకు లోనికి క్రుంగును. లేదా ఏదో సందునుండి గాలి కొంచెము దూరును. లేదా ఇంజనునకు డీజిలు అందక ఆగిపోవును. ఇందు మఱియొక విశేషము గమనింపుడు. ట్యాంకు ఎంత నిండుగా ఉన్నచో ఈ కష్టము అంత త్వరగా వచ్చును, ఏలయన పైన నుండెడి గాలి తక్కువ. నిండు ట్యాంకుతో బయలుదేరిన లారీ డీజిలు అందక ఆగినదనిన ఎవరు నమ్ముదురు? కాని ఆగును.

ఈ సంగతి మాకు పుస్తకములవలన గాక రోడ్డు మీద తెలిసినది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక యాసంగి చివరి దినములలో, కొడకండ్ల నుండి ధాన్యముతో బయలుదేరిన ఒక లారీలో ప్రయాణము చేయుట మాకు తటస్థించినది. క్యాబినులో డ్రైవరు, క్లీనరు, మేము. మాతోపాటు ఒక వృద్ధ రైతు. ఆయన బస్తాలలో సగమే ఆ లారీకి ఎక్కినవి. మిగిలిన సగము రెండవ ట్రిప్పునకు రావలెను. పదునైదు కిలోమీటర్లు పోయినంతనే ఇంజను ఎగబోసికొన్నట్లయి ఆగిపోయెను. డ్రైవరు దిగి, ప్రైమరు పంపు కొట్టి, గాలి తీసి, అరగంట తరువాత మరల నడిపెను. మరల కొంత దూరమునకే అదే వరుస. డీజిలులో కల్తీ అని ఒకసారి, ఫిల్టరు నిండినదని ఒకసారి, పంపు పోయినదని ఒకసారి అనుమానములు సాగినవి. ఇంజను ఫిల్టరు మార్చినారు, లాభము లేకపోయినది. ఆకాశము నల్లబడుచుండెను. ఆ రైతు కోపపడలేదు. "బిడ్డా, మొగులైంది. నా వడ్లు సగం ఇంకా కల్లంలనే ఉన్నయి" అని మాత్రము అనెను. ఆ మాటకు డ్రైవరు జవాబు చెప్పలేకపోయెను.

తుదకు ప్రక్క ఊరినుండి ఒక వయసు మళ్లిన మెకానిక్కు వచ్చెను. ఇంజను వైపు పోక, నేరుగా ట్యాంకు కడకు పోయి వంగి చూచెను. వెంటు గొట్టము నడుమ క్రొత్తగా ఒక చిన్న ప్లాస్టిక్ ఫిల్టరు కనబడెను. "ఇది ఎవరు పెట్టిన్రు?" అని అడిగెను. "దుమ్ము పోకుండ నేనే పెట్టించిన ఉస్తాద్" అని డ్రైవరు కొంత గర్వముగానే చెప్పెను. ఉస్తాదు మాటాడక ట్యాంకు మూతను మెల్లగా త్రిప్పెను. బుస్సుమని పాము బుసకొట్టినట్లు గాలి లోనికి దూరెను. ఆ చప్పుడు చాలసేపు వినబడెను. తరువాత ఇంజను ఒక్క త్రిప్పుకే అందుకొనెను.

ఆ ఫిల్టరును విప్పి చూచితిమి. అది ద్విచక్ర వాహనములలో పెట్రోలు వడగట్టుటకు వాడెడి కాగితపు ఫిల్టరు. గొట్టమును క్రిందికి జారవిడిచి, మరల పైకి త్రిప్పి, ఆ వంపులో దానిని బిగించినారు. గతుకులలో ట్యాంకునందలి డీజిలు చిలికి గొట్టములోనికి వచ్చి ఆ వంపులో నిలిచినది. కాగితము డీజిలుతో తడిసి ముద్దయైనది. తడిసిన కాగితమునకు దుమ్ము పట్టి బురద పూసినట్లయినది. గాలి పోవుటకు దారి లేదు. అరగంట నిలిపినప్పుడు మాత్రము ఎక్కడినుండియో కొంచెము కొంచెముగా గాలి దూరి శూన్యము తగ్గుచుండెను. కనుకనే బండి మరల నడచి అందరిని మభ్యపెట్టుచుండెను. డ్రైవరు ఉద్దేశము మంచిదే. పనియే తప్పు. లారీ మిల్లు చేరి తిరిగి వచ్చుటకు మునుపే వాన వచ్చినది. పరదా కప్పినను అడుగు బస్తాలు తడిసినవి. కొనుగోలు నియమము ప్రకారము ధాన్యములో తేమ 17 శాతమునకు మించరాదు. ఆ వృద్ధుడు ఆ బస్తాలను విప్పి, మరల ఎండబోసి, మరల తూకము కొరకు వరుసలో నిలువవలసి వచ్చెను. గుప్పెడంత ఫిల్టరు ఒకటి ఇంత పని చేసినది.

అయితే వెంటు గొట్టమునకు ఫిల్టరు వద్దే వద్దని మేము చెప్పబోవుట లేదు. ఆనాటి ఉస్తాదు కూడ అట్లు చెప్పలేదు. దుమ్మును ఆపవలెను, ఊపిరిని ఆపరాదు అనియే ఆయన మాట. ఈ రెండును ఒకే చోట ఎట్లు సాధింపవచ్చునో చూతము.

డీజిలు ఇంజనునకు మురికి ఏల పడదు? రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున తన ఇంజనును జయప్రదముగా నడిపి చూపినాడు. అయితే అది రోడ్డు మీదికి వచ్చుటకు నమ్మదగిన ఇంజెక్షను పంపు కావలసి వచ్చినది. రాబర్టు బాష్ సంస్థ 1927లో అట్టి పంపుల తయారీని ఆరంభించినది. మన దేశమున 1951లో బెంగుళూరునందు మైకో సంస్థ వెలసినది. 1954లో జంషెడ్‌పూరు నుండి టాటా మెర్సిడెస్ బెంజ్ లారీలు రాసాగినవి. ఆనాటి పంపునందు గాని నేటి పంపునందు గాని ఆయువుపట్టు ఒక్కటే: ఉక్కు గొట్టములో ఆడెడి ఉక్కు కడ్డీ. ఆ రెండింటి నడుమ ఎడము రెండు మూడు మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తల వెంట్రుక మందము సుమారు డెబ్బది మైక్రానులు. వెంట్రుకను ఇరువదియైదు పాయలుగా చీల్చినచో ఒక పాయ ఎంతయో, ఆ పంపులోని సందు అంతయే అని తలపవచ్చును. అట్టి సందులో రాతిపొడి పడినచో సాన మీద సాదినట్లే. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతటను అమలునకు వచ్చిన బి.ఎస్.6 ప్రమాణముల లారీలలో డీజిలు పీడనము వాతావరణ పీడనమునకు వెయ్యిన్ని ఆరువందల రెట్లు కూడ దాటుచుండును. ఆ వేగముతో నాజిలు రంధ్రముగుండా దూసికొనిపోవు ఇసుక రేణువు ఉలి వలె పనిచేయును. ఇంజను మీది ఫిల్టరులు చాలవరకు కాపాడును, నిజమే. కాని ట్యాంకులో చేరిన మురికి అంతయు తుదకు ఆ ఫిల్టరుల మీదనే పడును. అవి త్వరగా నిండును. నీరు తోడైనచో ఇంకను త్వరగా నిండును.

ఇక్కడ నిష్పక్షపాతముగా ఒక మాట చెప్పవలెను. ట్యాంకులోనికి మురికి వచ్చు ద్వారములలో వెంటు గొట్టము పెద్దది కాదు. మూత చుట్టు పేరుకొన్న మన్నును తుడువకయే మూత తీయుట, మాసిన డబ్బాతో డీజిలు పోయుట, చిరిగిన మూత వాషరు, ఇవి దానికంటె పెద్ద ద్వారములు. లారీ దినమునకు వంద లీటర్లు త్రాగినను, పది గంటల ప్రయాణమున వెంటు ద్వారా పోవు గాలి వంద లీటర్లే. అనగా నిమిషమునకు లీటరులో ఆరవ వంతు. అయిదు లీటర్ల పరిమాణము గల ఇంజను నిమిషమునకు రెండు వేల చుట్లు తిరుగునప్పుడు తాను పీల్చెడి గాలి నిమిషమునకు అయిదు వేల లీటర్లు! ఆ ప్రక్క ఇది సముద్రము చెంత చెంబునీరు. మఱి ఇంత కొద్ది గాలికి ఫిల్టరు ఎందుకందురా? మూడు కారణములున్నవి.

మొదటిది. ఇంజను పీల్చిన గాలి వెంటనే పొగ గొట్టము ద్వారా వెలికి పోవును. ట్యాంకులోనికి వచ్చిన గాలి కూడ తరువాత పోవచ్చును గాని, అది తెచ్చిన దుమ్ము డీజిలులో దిగి అక్కడనే నిలిచిపోవును. దినమునకు చిటికెడు కాకపోయినను, సంవత్సరములు గడచినకొలది అడుగున మడ్డి పేరుకొనును.

రెండవది నీరు. ఎండలో నడచిన లారీ ట్యాంకు వేడెక్కియుండును. ఇంజను తాను తీసికొన్న డీజిలునంతటిని కాల్చక కొంత తిరిగి పంపును. అది వేడిగా వచ్చి ట్యాంకును ఇంకను వేడి చేయును. ఆ వేడి ట్యాంకు మీద హఠాత్తుగా వాన కురిసినను, బండి వాగులో దిగినను లోపలి గాలి కుంచించుకొనును. వంద లీటర్ల గాలి 45 డిగ్రీల నుండి 30 డిగ్రీలకు చల్లబడినచో దాదాపు అయిదు లీటర్ల మేర తగ్గును. ఆ లోటును పూరించుటకు వెంటు కొన ఏది దొరికిన దానిని పీల్చును: గాలి దొరికిన గాలి, బురదనీరు దొరికిన బురదనీరు. డీజిలుకంటె నీరు బరువు గనుక అడుగునకు చేరును. నీరును డీజిలును కలియు అంచున కంటికి కనబడని సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు తయారగును. ఇంజను ఫిల్టరును త్వరగా మూసివేయుటకు అది చాలును.

మూడవది పురుగులు. రెండు పంటల నడుమ లారీ పని లేక చెట్టు క్రింద నిలిచియుండును. తెరచియున్న సన్నని గొట్టము కనబడినచో కుమ్మరి పురుగునకు అంతకంటె మంచి ఇల్లు ఏది? మట్టి తెచ్చి గూడు కట్టి పోవును. కోతలు వచ్చి లారీ కదలిన దినమున ట్యాంకునకు ఊపిరి ఆడదు. ఫిల్టరు ఉన్నను లేకున్నను ఈ ప్రమాదము కలదు గాని, కొనకు సరియైన ఫిల్టరు ఉన్నచో గొట్టములోనికి పురుగు పోజాలదు.

ఇక ఎట్టి ఫిల్టరు కావలెను? కొడకండ్ల చేనేత ఎరిగిన ఊరు గనుక ఈ సంగతి నేతవారి మాటలలోనే చెప్పుట సులభము. పడుగు పేకలు పలుచగా ఉన్న బట్ట గాలిని పోనిచ్చును. దుమ్మును కూడ పోనిచ్చును. చిక్కగా నేసిన బట్ట దుమ్మును ఆపును. గాలిని కూడ సగము ఆపును. దుమ్మును ఆపవలెను, గాలిని పోనియ్యవలెను అనినచో ఉపాయము ఒక్కటే. చిక్కని బట్టనే తీసికొని, దానిని చాల విశాలముగా పరచవలెను. అప్పుడు ఒక్కొక్క అంగుళము మీద పడు భారము తగ్గును. అంత వెడల్పు బట్టకు చోటు లేదు గనుక, చీర కుచ్చెళ్లు పోసినట్లు మడతలు పెట్టి చిన్న డబ్బాలో అమర్చుదురు. మంచి ఫిల్టరు రహస్యము ఈ మడతలే. అందుచేత డీజిలు ట్యాంకు బ్రీదరు కొరకే చేసిన, మడతలు గల ఫిల్టరును కొనవలెను. అది తడిసినను ముద్ద కానిదై యుండవలెను. గొట్టపు నోరు వెంటు ముక్కు లోపలి వ్యాసమునకంటె సన్నము కారాదు. స్కూటరు పెట్రోలు ఫిల్టరును గాని, గుడ్డ పీలికను గాని, స్పాంజి ముక్కను గాని పెట్టరాదు.

అమర్చు విధానము వినుడు. ఇంజను చల్లారిన తరువాత, బీడీ సిగరెట్లు దూరముగా ఉంచి, ట్యాంకు పైభాగమును ముందుగా శుభ్రముగా కడిగి తుడువవలెను. లేనిచో గొట్టము విప్పునప్పుడే మన్ను లోపల పడును. ట్యాంకు ముక్కునుండి బయలుదేరిన గొట్టము ఎక్కడను క్రిందికి జారక, ఎడతెగక పైకి ఎక్కుచు పోవలెను. నడుమ వంపు ఉన్నచో అక్కడ డీజిలు నిలిచి గాలికి తాళము వేయును. మేము చూచిన లారీలో జరిగిన తప్పు ఇదియే. ఫిల్టరును ట్యాంకుకంటె ఎత్తున, క్యాబిను వెనుక, చక్రముల దుమ్మును బురదయు నేరుగా తగులని చోట, నిలువుగా బిగించవలెను. దాని నోరు క్రిందికి తిరిగియుండవలెను; అప్పుడు వాన లోపల పడదు. వాగులు దాటు లారీకి ఈ ఎత్తే పెద్ద రక్ష. ట్యాంకు ముక్కు కడ బండి బోల్తాపడినప్పుడు డీజిలు కారకుండ ఆపెడి చిన్న వాల్వు కొన్ని లారీలలో ఉండును. దానిని ఎట్టి పరిస్థితిలోను తీసివేయరాదు. గొట్టము డీజిలునకు తట్టుకొను నైట్రైలు రబ్బరుదై ఉండవలెను. సైకిలు ట్యూబు ముక్కలు, నీటి గొట్టములు డీజిలు తగిలిన కొన్నాళ్లకే ఉబ్బి మెత్తబడి లోలోననే మూసికొనును. క్లిప్పులు బిగించునప్పుడు గొట్టము నలుగకుండ చూడవలెను. పొగ గొట్టమునకు దగ్గరగా దీనిని పోనీయరాదు. లారీ ఇంకను కంపెనీ గ్యారంటీలో ఉన్నచో, చేయి పెట్టుటకు మునుపు ఆ కంపెనీ వర్కుషాపువారిని అడుగుట మేలు.

ట్యాంకును అంచువరకు నింపు అలవాటు మానవలెను. డీజిలు వేడికి వ్యాకోచించును. ఉదయము చల్లగా నున్నప్పుడు పోసిన రెండు వందల లీటర్లు మధ్యాహ్నమునకు ఇరువది డిగ్రీలు వేడెక్కినచో సుమారు మూడు లీటర్లు పెరుగును. ఆ పెరిగిన డీజిలునకు చోటు లేనప్పుడు అది వెంటు గుండా పైకి వచ్చి ఫిల్టరును తడిపివేయును. పైన పదియవ వంతు ఖాళీ ఉంచినచో ఈ బాధ లేదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. వెంటు ఫిల్టరునకు కావలసిన గాలి చాల కొద్ది అని చెప్పితిమి. అందుచేత అది నెలల తరబడి ఏ మాటయు చెప్పక పనిచేయును. అందుచేతనే దానిని అందరును మరచిపోవుదురు. ఇంజను గాలి ఫిల్టరు నిండినచో నల్లపొగ వచ్చి, బలము తగ్గి, తన సంగతి తానే చెప్పును. వెంటు ఫిల్టరు మాత్రము పూర్తిగా మూసికొనువరకు ఊరకుండి, ఒక్క దినమున, అదియు బరువు మీద నున్న దినమున, బండిని నిలిపివేయును. కనుక ఇంజను ఆయిలు మార్చు ప్రతి సారియు దీనిని విప్పి చూడవలెను. యాసంగి కోతలకు మునుపు ఒకసారి, వానాకాలపు కోతలకు మునుపు ఒకసారి తప్పక చూడవలెను. నోటితో పీల్చి పరీక్షింపరాదు. శుభ్రమైన గొట్టము తగిలించి మెల్లగా ఊదినచో గాలి ఏ ఆటంకమును లేక పోవలెను. ఏ మాత్రము బిగువు తోచినను క్రొత్తది వేయవలెను. అది తడిసియున్నచో అసలు కారణము వెదకవలెను. ఫిల్టరు పెట్టిన తేదీని దాని డబ్బా మీదనే పెయింటుతో వ్రాయుట మంచి ఆచారము. డ్రైవరు మారినను ఆ వ్రాత మారదు.

మూడు గుర్తులు జ్ఞాపకముంచుకొనుడు. బండి కొంత దూరము నడచి, బలము తగ్గి ఆగి, కొంతసేపటికి తనంత తానే మరల నడచుట మొదటి గుర్తు. ట్యాంకు మూత త్రిప్పినప్పుడు బుస్సుమను చప్పుడు రెండవది. ట్యాంకు రేకు లోనికి లొట్టపడుట మూడవది. డీజిలు పోయించునప్పుడు బంకు తుపాకి మాటిమాటికి టక్కున ఆగిపోవుట కూడ కొన్ని చిన్న బండ్లలో ఇదే సూచన. ఏలయన డీజిలు వేగముగా లోనికి పోవుచుండగా ఆ చోటునందలి గాలి వెలికి రాజాలకున్నది. ఈ గుర్తులు కనబడినప్పుడు పంపు విప్పించి వేలు ఖర్చు పెట్టుటకు మునుపు, రెండు నిమిషములు వెచ్చించి వెంటు గొట్టము చూడుడు.

ఒక హెచ్చరిక. మేము చెప్పినది డీజిలు బండ్లకు మాత్రమే. పెట్రోలు కార్లు, మోటారు సైకిళ్లలో ఈ దారి వేరు. వాని ట్యాంకు ఆవిరులు బొగ్గు నింపిన ఒక డబ్బాలోనికి పోయి, అక్కడ నిలిచి, తరువాత ఇంజనులోనికి పోవును. పెట్రోలు ఆవిరి నిప్పునకు బంధువు. ఆ గొట్టములను కోయుట, వానిలో ఫిల్టరులు చొప్పించుట ప్రాణాపాయము. అది వర్కుషాపువారి పని.

ఆ వృద్ధ రైతును మేము మరల కలిసికొనలేదు. ఆ డ్రైవరును మాత్రము మరుసటి సంవత్సరము ఒక కొనుగోలు కేంద్రము ఎదుట చూచితిమి. ఆయన లారీకి క్యాబిను వెనుక ఎత్తున ఒక డబ్బా ఫిల్టరు ఉన్నది. దాని మీద తెల్లని పెయింటుతో తేదీ వ్రాసియున్నది. అడుగకయే ఆయన చెప్పెను: "కోతలకు ముందే మార్చిన. ఆ పెద్దమనిషి మాట ఇంక యాదికున్నది." ఆ ఉస్తాదు నేర్పిన పాఠమునకంటె, ఆ రైతు అనిన ఒక్క మాటయే ఆయన చేత ఈ పని చేయించినది.

లారీ గల ఇండ్లలో ఈ ప్రసంగమును వినుచున్నవారు రేపు ఉదయము బండి తీయుటకు మునుపు ఒక్కసారి వంగి ఆ సన్నని గొట్టమును చూడుడు. దాని కొన ఎక్కడ ఉన్నదో, తెరచి ఉన్నదో మూసికొని ఉన్నదో తెలిసికొనుడు. లారీ లేని ఇండ్లవారు తమ వడ్లు ఎత్తుటకు వచ్చిన డ్రైవరుతో ఈ సంగతి ఒక్క మాట చెప్పుడు. ట్యాంకు ఊపిరిని శుభ్రముగా ఉంచవలెను; ఏ కారణముచేతను ఆ ఊపిరిని బిగబట్టరాదు. కల్లములో వేచియున్న బస్తాలకు అదియే భద్రత.